గొంతులో బిళ్ళ

చెవిలో మెషీను కీచుకీచుమని నీరసంగా అరిచి ఊరుకుంది. బ్యాటరీ అయిపోయిందన్నమాట. తాత సోఫాలోంచి లేచి అలమర పైఅరలో చెయ్యి పెట్టి బ్యాటరీల అట్ట తీశాడు. అట్టకి ఆఖరి బిళ్ళ ఒక్కటే మిగిలి ఉంది.

ఆయన జీవితమంతా సీసాల ఫ్యాక్టరీలో గడిచింది. గాజు సీసాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పట్టాల మీద పరిగెత్తే హాల్లో, పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిస్తే గానీ మాట అందని చోట పనిచేశాడు. రిటైరయ్యే రోజున దండ వేసి పంపారు గానీ, చెవులు రెండూ అక్కడే ఉంచేసుకున్నారు. ఎడమ చెవి బొత్తిగా పోయింది. కుడి చెవి మెషీను పెడితే వింటుంది, తీస్తే అలంకారం.

ఆ బ్యాటరీలకు ఒక పద్ధతుంది. వెనకాల నీలం స్టిక్కరు అంటించి ఉంటుంది. అది పీకేసి కాసేపు బయట పెడితే, బిళ్ళ గాలి పీల్చుకుని ప్రాణం తెచ్చుకుంటుంది. తొందరపడి పెట్టేస్తే నాలుగు రోజులకే చేతులెత్తేస్తుంది. తాతకి ఏ పనైనా పద్ధతిగానే జరగాలి. స్టిక్కరు పీకి, కొత్త బిళ్ళని టీపాయ్ మీద పెట్టాడు. పాతది తీసి దాని పక్కనే పెట్టాడు. మనవరాలు నేలమీద కూర్చుని గిన్నెలో గిన్నె పెట్టి తీస్తూ తన లోకంలో తానుంది. ఏడాది దాటి కొన్ని నెలలైంది దానికి. సోఫా పట్టుకుని నిలబడుతుంది, చెయ్యి అందినంత మేర అన్నీ దానివే.

సరిగ్గా అప్పుడే వంటగది గుమ్మంలోంచి నీళ్ళు పారుకుంటూ హాల్లోకి వచ్చాయి. వాషింగ్ మెషీను గొట్టం మళ్ళీ ఊడినట్టుంది. "ఓరి నీ దుంప తెగ!" అని తాత అటు పరిగెత్తాడు. కుళాయి కట్టి, గొట్టం బిగించి, రెండు తువ్వాళ్ళు నేలమీద పడేసి కాలితో అదిమి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

పాప ఆట మానేసి కూర్చుని ఉంది. వేళ్ళు నోట్లో ఉన్నాయి. గడ్డం మీద నుంచి చొంగ ధారగా కారుతోంది. నీలం స్టిక్కరు దాని మడమకి అంటుకుని ఉంది. అది చూసి తాతకి నవ్వొచ్చింది కూడా. వంగి స్టిక్కరు తీసి టీపాయ్ వైపు చూశాడు.

బిళ్ళ ఒక్కటే ఉంది.

దాన్ని మెషీన్లో పెట్టి చెవికి తగిలించుకున్నాడు. చప్పుడు లేదు. అంటే ఇది పాతది.

సోఫా కింద చూశాడు, చాప ఎత్తి దులిపాడు, గిన్నెలు బోర్లించాడు, పాప గౌను విప్పి విదిలించాడు. మోకాళ్ళ మీద పాకుతూ గదంతా ఈ మూల నుంచి ఆ మూలకి తడిమాడు. వెతుకుతున్నంతసేపూ మనసులో ఒకటే మాట తిరుగుతోంది: ఇక్కడే ఉంటుంది, ఎక్కడికి పోతుంది. పాప నోరు తెరిచి వేలు పెట్టి చూశాడు. ఏమీ తగల్లేదు. కాసిని పాలు పట్టాడు. ఒక్క గుక్క లోపలికి వెళ్ళింది, వెళ్ళింది వెళ్ళినట్టే నోట్లోంచీ ముక్కులోంచీ బయటికొచ్చింది. పాప మొహం ఎర్రబడింది, నోరు ఇంత పెద్దగా తెరుచుకుంది. ఏడుస్తోంది. తాతకి ఆ ఏడుపు కనపడుతోంది, వినపడ్డం లేదు. అరచెయ్యి దాని వీపు మీద ఆనించాడు. లోపలి వణుకు చేతికి తెలిసింది.

'మింగితే మింగింది, రేపటికి అదే పోతుంది' అనుకోవాలని మనసు లాగింది. కూతురు చిన్నప్పుడు చొక్కా గుండీ మింగితే వాళ్ళమ్మ అన్న మాట అది, అలాగే జరిగింది కూడా. కానీ ఆయన చూపు అట్ట మీద పడింది. ఏళ్ళ తరబడి వాడుతున్న రకం అట్టే. దాని మూల మీద నోరు తెరిచిన పిల్ల బొమ్మ, బొమ్మ మీద ఎర్రటి అడ్డగీత. కింద చీమతలకాయలంత అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. వెంటనే ఆస్పత్రికి, అని ఉంది.

అల్లుడు ఓడ మీద ఉద్యోగస్తుడు. కూతురు ఊరి చివర శీతల గోదాములో సూపర్‌వైజరు. ఈ ఇంటికి తాత వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. పిల్లని తాను చూసుకుంటానంటే కూతురు మొదట ఒప్పుకోలేదు. "అది ఏడిస్తే నీకు వినపడదు నాన్నా" అంది. "చెవులు పోతేనేం, కళ్ళున్నాయి కదే! కళ్ళలో వత్తులేసుకుని చూసుకుంటా" అన్నాడు. చివరికి ఆయన మొండితనం ముందు అది లొంగిపోయింది.

ఫోన్ తీసి కూతురి నంబరు నొక్కాడు. అవతల ఎత్తారో లేదో తెలుసుకోవడానికి ఆయనకున్న దారి ఒక్కటే. ఎత్తితే తెర మీద సెకన్లు పరుగందుకుంటాయి. అందుకున్నాయి.

"అమ్మా, నేనే. పాప నా చెవి బ్యాటరీ మింగింది. పెద్దాస్పత్రికి తీసుకెళ్తున్నా. నువ్వేమన్నా నాకు వినపడదు. ఉన్నపళాన వచ్చెయ్."

అదే మాట మళ్ళీ చెప్పాడు, ఇంకోసారి చెప్పాడు. సెకన్లు పరుగెత్తుతూనే ఉన్నాయి. అవతల కూతురు గొల్లుమంటోందో, తిడుతోందో, లేక ఫోన్ లాకర్లో పడుండి తన మాటల్ని ఏ ఆన్సరింగ్ మెషీనో రికార్డు చేసుకుంటోందో తెలిసే వీల్లేదు. ఫోన్ జేబులో పడేసి, పాపని భుజానికెత్తుకుని, ఎదురింటి తలుపు దబదబా బాదాడు.

ఎదురింటావిడ కారు నడపడం నేర్పుతుంది. అప్పుడే క్లాసుకి బయల్దేరుతోందేమో, తాళాలు చేతిలోనే ఉన్నాయి. తాత విషయం చెప్పాడు. చెవులు మూసుకుపోతే ఆయన గొంతు దానంతటదే మైకైపోతుంది. మెట్ల మీద పై అంతస్తు వాళ్ళు కూడా తొంగి చూశారు. ఆవిడ పాప గడ్డం కింది చొంగ చూసింది, ఒక్క మాట మాట్లాడకుండా తలుపు లాగేసి ముందు నడిచింది.

ఆవిడ ఏళ్ళ తరబడి బెంబేలెత్తిపోయిన మనుషుల పక్కన కూర్చుని బతుకుతున్న మనిషి. కారులో ఒక్కసారి కూడా కంగారు పడలేదు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం వెనక్కి తిరిగి, పెదాలు సాగదీస్తూ ఏదో చెప్పింది. తాతకి అందలేదు. ఆవిడ చేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటున్నట్టు చూపించి, వేలు అడ్డంగా ఊపింది. ఏమీ పెట్టొద్దని.

"పాలు పట్టానమ్మా!" అన్నాడు తాత. "తెలీక పట్టాను."

ఆవిడ అరచెయ్యి కిందికి అదిమింది. నేర్చుకునేవాళ్ళు బ్రేకు బదులు ఇంకోటి తొక్కినప్పుడు చూపించే సైగ కాబోలు. నెమ్మది, నెమ్మది.

ఆస్పత్రిలో అందరూ మాస్కులే. కౌంటర్లో అమ్మాయికి మాస్కు, నర్సుకి మాస్కు, కుర్ర డాక్టరుకి మాస్కు. మాట్లాడుతున్నారని కనుబొమల కదలికని బట్టి తెలుస్తోంది, అంతే.

"బాబూ, నాకు చెవుడు. మీరు మాస్కు దించితే గానీ నాకు మాట కనపడదు" అన్నాడు తాత. "ఇదిగో, ఇలాంటి బిళ్ళే. దీని జోడీ. కొత్తది. మింగింది." పాత బిళ్ళ చూపించాడు.

ముసలాడికి మతిమరుపనుకుంటారేమో, ఇంకోసారి ఇంట్లో వెతకమంటారేమో అని దారంతా భయపడుతూ వచ్చాడు. కుర్ర డాక్టరు బిళ్ళని చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూసి, ఎవరినో పిలిచి పరిగెత్తాడు. నర్సు కూడా నడవలేదు, పరిగెత్తింది. నమ్మకపోతే ఎలాగా అనుకున్నవాడికి, వాళ్ళు ఇంత తొందరగా నమ్మడం చూస్తే ఇంకా భయమేసింది.

ఎక్స్‌రే గదిలో పాపని ఆయనే పట్టుకున్నాడు. తెర మీద చిన్న చిన్న పక్కటెముకలు, వాటి పైన, మెడ మొదట్లో, తెల్లటి గుండ్రటి బిళ్ళ. దాని అంచు లోపల, బ్యాటరీకి ఉన్నట్టే, ఇంకో సన్నటి గీత గుండ్రంగా ఉంది. కుర్ర డాక్టరు ఆ గీత మీద వేలు పెట్టి పక్కనున్న నర్సుకి చూపించాడు. తాతకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అది తన చెవిది.

ఎదురింటావిడ ఫోన్ చూపించి, గోదాము ఆఫీసుకి చేస్తానని సైగ చేసి బయటికెళ్ళింది. ఈలోగా నర్సు చిన్న చెంచాతో పాపకి తేనె నాకిస్తోంది. "ఏం పెట్టొద్దన్నారు కదమ్మా!" అని తాత చెయ్యి అడ్డం పెట్టబోయాడు. నర్సు మాస్కు దించి, "మందే తాతగారూ. మంట తగ్గిస్తుంది" అంది. పాప సగం మింగి సగం కార్చేసింది.

ఆ తర్వాత ఇంకొకావిడ వచ్చింది. పొట్టిగా ఉంది, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని ఉంది. గొట్టం పంపి కడుపులోకి చూసే డాక్టరు. వస్తూ వస్తూ గోడకి వేలాడే చిన్న తెల్లబోర్డు పీక్కొచ్చింది. తాత పక్కన కూర్చుని మార్కరుతో గబగబా రాసింది.

బ్యాటరీ ఆహారం దిగే గొట్టంలో, గొంతు కిందే ఇరుక్కుంది.

తాత చదివాడు. ఆవిడ అరచేత్తో తుడిచి మళ్ళీ రాసింది. మామూలుగా ఇంత చిన్నది కడుపులోకి జారిపోతుంది. ఇది జారలేదు.

మళ్ళీ తుడిచింది. తడి తగిలితే దాంట్లోంచి కరెంటు పుడుతుంది. లోపల కాలుతోంది.

తాత 'కాలుతోంది' దగ్గర ఆగిపోయాడు. పాప తన ఒళ్ళో కూర్చుని డాక్టరు మార్కరు కోసం చెయ్యి చాపుతోంది.

"ఎలా తీస్తారమ్మా?"

మత్తిచ్చి, నోట్లోంచి సన్నటి గొట్టం. చివర కెమెరా. చిన్న వలతో పట్టి లాగుతా.

"ప్రమాదమా?"

ఆవిడ బోర్డు తుడిచి రాసింది. ఉంది. తియ్యకపోతే ఇంకా ఎక్కువ. ఆ పక్కనే పెద్ద రక్తనాళం ఉంటుంది.

ఆవిడ మళ్ళీ రాయబోయి, బోర్డు ఒళ్ళో పెట్టుకుని, మాస్కు దించి నేరుగా అడిగింది. "వాళ్ళమ్మ?"

"దారిలో ఉంది" అన్నాడు తాత. ఉందో లేదో ఆయనకేం తెలుసు.

"ఆగలేం."

"ఆగొద్దు తల్లీ. తీసుకుపో."

పాప ఆయన చొక్కా కాలరు పట్టుకుని వదల్లేదు. నర్సు ఒక్కొక్క వేలూ విడదీయాల్సొచ్చింది. ఎడమ చేతి వేళ్ళు విడదీసేలోపు కుడి చెయ్యి మళ్ళీ పట్టుకుంది. తలుపు మూసుకుంది. తలుపు మీద ఎర్రలైటు వెలిగింది.

తాత బెంచీ మీద కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో ఆయన నేలమీది అదురుని బట్టి ఏ మెషీను ఎలా ఉందో చెప్పేవాడు. ఇప్పుడు బూటు అడుగున ట్రాలీలు పోయే అదురు తెలుస్తోంది, లిఫ్టు దిగే అదురు తెలుస్తోంది. ఆ తలుపు వెనకనుంచి మాత్రం ఏమీ రావడం లేదు. కుళాయి కట్టడానికి ఎంతసేపు పట్టిందని లెక్కేసుకున్నాడు. బిళ్ళ గుప్పిట్లో పెట్టుకుని వెళ్ళుంటే? జేబులో వేసుకునుంటే? పోనీ నీళ్ళు పారితే పారాయి, ఇల్లేమైనా కొట్టుకుపోతుందా?

కూతురు కారిడార్ చివర కనపడింది. గోదాములో వేసుకునే దళసరి కోటు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఎదురింటావిడతో కలిసి పరిగెత్తుకుంటూ వస్తోంది. కోటు విప్పుకోవడం కూడా మర్చిపోయిందేమో, మొహమంతా చెమట.

"ఏది?" అంది.

తాత తలుపు చూపించాడు.

"ఎలా మింగింది నాన్నా?"

"టీపాయ్ మీద పెట్టి వంటింట్లోకెళ్ళాను. నీళ్ళు పారుతుంటే. నేను పెట్టబట్టే మింగింది."

కూతురు ఆయన మొహంలోకి చూసింది. ఆ తర్వాత గోడవైపు తిరిగిపోయింది. దాని భుజాలు కదులుతున్నాయి, తల ఊగుతోంది. మాట్లాడుతోంది. ఏమంటోందో గోడకే తెలియాలి.

"ఇటు తిరగవే" అన్నాడు తాత. "తిట్టేదేదో నా మొహం మీద తిట్టు. అటు తిరిగితే నాకెలా తెలుస్తుంది?"

అది గిర్రున తిరిగింది. "వద్దన్నానా లేదా? నీ చెవులతో నీకే దిక్కు లేదు, పిల్లనెక్కడ చూస్తావు అన్నానా లేదా? నా మాటంటే ఎప్పుడైనా లెక్క చేశావా? నువ్వనుకున్నదే వేదం! ఇప్పుడు లోపల దానికేమైనా అయితే..."

అక్కడ నోరు ఆగిపోయింది. తాత కళ్ళు దించుకోలేదు. ప్రతి అక్షరం చదువుకున్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కోటు విప్పు, వేడికి పడిపోతావ్ అని మాత్రం అన్నాడు. అది విప్పలేదు. వచ్చి ఆయన పక్కన కూర్చుంది, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి.

తలుపు ఒక్కసారి తెరుచుకుంది. నర్సు బయటికి పరిగెత్తి, ఏదో ప్యాకెట్టు తీసుకుని లోపలికి పోయింది. వెనకే ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న మనిషి, చేతులు పైకెత్తి పట్టుకుని, భుజంతో తలుపు తోసుకుని వెళ్ళాడు. కూతురు లేచి నర్సు వెంట పడింది. తిరిగొచ్చినప్పుడు దాని మొహం పాలిపోయి ఉంది. తాత ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పింది.

"వలలోంచి జారిందట. అడ్డం తిరిగిందట. మళ్ళీ పట్టుకుంటున్నారు."

"ఆ టోపీ ఆయన?"

"ఆపరేషన్ చేసే డాక్టరు. అవసరమైతే... అని నిలబెట్టారట."

కూతురు ఈసారి మధ్యలో ఖాళీ వదలకుండా కూర్చుంది. వాళ్ళిద్దరి మోకాళ్ళూ ఆనుకుని ఉన్నాయి.

ఎర్రలైటు ఆరింది. పొట్టి డాక్టరు గుమ్మంలోకి వచ్చింది. కూతురు లేచి ఎదురెళ్ళింది. తాత ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. డాక్టరు మాస్కు దించుతూ దించుతూనే ఏదో అంది. మొదటి అక్షరం మాస్కు కిందే ఉండిపోయింది. తాత కంటికి తోకే అందింది: "...చ్చింది."

ఆ మాటతో కూతురు మోకాళ్ళ మీద కూలబడిపోయింది.

చ్చింది. ఇచ్చింది, తెచ్చింది, నచ్చింది. తాత బుర్రలో మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వరసగా వచ్చాయి. అన్నిటికన్నా వెనక ఇంకో మాట నిలబడి ఉంది. దాన్ని ముందుకి రానివ్వకుండా ఆయన గోడ పట్టుకుని లేచాడు.

"ఏమైంది? నాకు చెప్పండర్రా! ఎవరో ఒకరు నావైపు తిరిగి చెప్పండి!"

ఎంత గట్టిగా అరిచాడో ఆయనకు తెలీదు. కారిడార్లో జనమంతా తిరిగి చూశారు. డాక్టరు కూతుర్ని దాటుకుని గబగబా వచ్చింది. మాస్కు పూర్తిగా పీకి పారేసి, ఆయన భుజాలు రెండూ పట్టుకుంది.

"వచ్చింది తాతగారూ. బ్యాటరీ బయటికి వచ్చింది. పాప ఉంది."

పారదర్శకంగా ఉన్న చిన్న డబ్బా చూపించింది. లోపల బిళ్ళ, ఒక వైపు మాడిపోయి నల్లగా. తాత ఆ డబ్బా తాకలేదు. బెంచీ మీద కూర్చుని, అరచేతుల్లో మొహం పెట్టుకున్నాడు. చాలాసేపు ఎవరి పెదాలూ చదవదల్చుకోలేదు.

అక్కడితో గండం గడిచిపోలేదు. లోపల గొట్టం గోడ ఒక వైపు కాలింది. పైపైనే కాలిందనిపిస్తోంది గానీ, కాలిన చోట తర్వాత చిల్లు పడొచ్చు, రక్తం కారొచ్చు, అప్పుడే గుండెల మీద చెయ్యేసుకోకండి అని డాక్టరు చెప్పింది. తొందరగా తేవడం వల్లే ఈ మాత్రంతో పోయిందని కూడా అంది. ఆ ముక్క విని కూతురు తండ్రి వైపు చూసింది.

పాపకి ముక్కులోంచి సన్నటి గొట్టం వేశారు. పాలన్నీ అందులోంచే. నోటికి ఒక్క చుక్క కూడా లేదు. దాన్ని పీకేసుకోకుండా చేతులకి మేజోళ్ళు తొడిగారు. పాప దగ్గినప్పుడల్లా కూతురు దుప్పటి మీద ఎర్రచుక్కేమైనా పడిందా అని చూసేది. తాత మంచం రెండో వైపు కూర్చుని అదే పని చేసేవాడు. రోజులు అలా గడిచాయి. ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే. "తువ్వాలివ్వు." "నువ్వు కాసేపు పడుకో." "నర్సుని పిలువు."

ఒక మధ్యాహ్నం కూతురు బయటికెళ్ళి కొత్త అట్ట కొనుక్కొచ్చింది. తాత తల అడ్డంగా ఊపాడు.

"నాకొద్దవి. ఈ గదిలోకి అసలు తేవద్దు."

"పెట్టుకో నాన్నా. డాక్టరు చెప్పేది ప్రతిసారీ నీకు మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. నువ్వూ విను." ఆ మాటల్లో కోపమే ఉంది, కానీ అది ఆయన వైపు తిరిగి, పెదాలు కనపడేలాగే అంది.

తాత కారిడార్ చివరికి వెళ్ళి, స్టిక్కరు పీకి, బిళ్ళని గుప్పిట్లోనే పట్టుకుని నిలబడి, అది గాలి పీల్చుకున్నాక మెషీన్లో వేసి మూత బిగించాడు. గదిలోకొచ్చేసరికి పాప బొంగురు గొంతుతో మేజోళ్ళ మీద విసుక్కుంటోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి ఆ విసుగంతా విన్నాడు.

రంగునీళ్ళు మింగించి ఎక్స్‌రే తీసిన రోజున అందరి ప్రాణాలూ గుప్పిట్లోనే ఉన్నాయి. నీళ్ళు గొట్టం గోడలోంచి పక్కకి పోతే చిల్లున్నట్టు. తెర మీద నల్లటి చార గొంతులోంచి దిగింది. కాలిన చోట సన్నబడింది, ఆగింది. కూతురు తండ్రి మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగబడేలా. చార మళ్ళీ కదిలి, తిన్నగా కడుపులోకి జారింది.

"చుక్క కూడా కారలేదు" అంది పొట్టి డాక్టరు. "కొంచెం సన్నబడింది. నాలుగు వారాల తర్వాత మళ్ళీ గొట్టం వేసి చూస్తా. అవసరమైతే సాగదీద్దాం. ఇవాళ నోటితో నీళ్ళివ్వండి."

కూతురు చెంచాతో నీళ్ళు పట్టింది. పాప నోట్లో పోసుకుని, బుగ్గలు ఉబ్బించి, ఇదేమిటన్నట్టు వాళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ దాని మెడకేసే చూస్తున్నారు. గుటక పడింది. పాప చెంచా లాక్కుని గ్లాసులో పెట్టి కొట్టింది, ఇంకా కావాలని.

కూతురు మంచం పట్టీ మీద తల ఆనించింది. తర్వాత మొహం తుడుచుకుని, "వచ్చే నెల నుంచి పొద్దున పూట శిశు కేంద్రంలో వేస్తాను" అంది. "మధ్యాహ్నం నుంచి నువ్వు చూసుకో. ఎదురింటావిడ అప్పుడు ఇంట్లోనే ఉంటుందట. ఒక కన్నేసి ఉంచుతానంది."

"నేనా?" అన్నాడు తాత.

"మరి నేనెక్కడ నుంచి తెస్తాను ఇంకో తాతని?" అని విసుక్కుంటూ, ఒలికిన నీళ్ళు తుడవడానికి గుడ్డ వెతుక్కుంది.